ఆముదం రాసిన ముడి

మా అత్త వేసిన ముడిని విప్పినవాళ్ళు తిరుపతిలో ఎవరూ లేరు. ఇది నా మాట కాదు, ఆమె మాటే. రోజుకు ఒకసారైనా అనేది. గోవిందరాజస్వామి గుడి వెనక వీధిలో మామకు పూసల అంగడి ఉండేది. ముందు గదిలో అంగడి, వెనక ఇల్లు. కొండకు వచ్చినవాళ్ళు తులసిపూసలు కొనుక్కుపోయేవాళ్ళు. ఊళ్ళోవాళ్ళు మాత్రం పసిబిడ్డల చేతిపూసల కోసం వచ్చేవాళ్ళు. ఒక నల్లపూస, ఒక వసకొమ్ము ముక్క, మళ్ళీ నల్లపూస. దిష్టి తగలకుండా నల్లపూస, మాటలు తొందరగా రావాలని వసకొమ్ము. బిడ్డ చేయి నోట్లో పెట్టుకున్నప్పుడల్లా ఆ వస నాలుకకు తగలాలి. మా ఆయనకు చిన్నప్పుడు రెండు చేతులకూ కట్టిందట అత్త. ఆయన మాత్రం పెళ్ళయిన ఏడాదికి గానీ నాతో నాలుగు మాటలు వరసగా మాట్లాడలేదు. ఆ సంగతి అత్తతో అనే ధైర్యం నాకు ఎప్పుడూ రాలేదు.

పూసలు ఎవరు గుచ్చినా ముడి మాత్రం అత్తే వేయాలి. నూలుదారం మూడు పేటలుగా పేని, చిన్న గిన్నెలో ఆముదంలో పసుపు కలిపి, రెండు వేళ్ళతో దారం పొడవునా పట్టించేది. పసుపు శుభానికి. ఆముదం బిడ్డ చర్మం ఒరుసుకుపోకుండా. ఆ నూనె తాగిన నూలు మెత్తగా ఒదిగి, ముడి బిగిసిందంటే రేగు గింజలా గట్టిపడేది. మూడు ముళ్ళు వేసి, కత్తెరతో కొస కత్తిరించి, "ఇంక విప్పుకోండి" అనేది. బిడ్డ ఒళ్ళు చేసేకొద్దీ పూసలు చేతికి బిగిసేవి. తల్లులు ఇంట్లోనే విప్పాలని చూసి, గోళ్ళు విరగ్గొట్టుకుని, మళ్ళీ ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. అత్త ఆ గోళ్ళ వంక ఒకసారి చూసి, ఏమీ అనకుండా కత్తెర తీసేది. ఆ ఏమీ అనకపోవడంలో ఎంత గొప్ప ఉండేదో చెప్పలేను.

నాది చిత్తూరు. మా నాయనకు అక్కడ సైకిలు షాపు ఉండేది. పంక్చర్లు వేసేవాడు, చక్రాలకు వంకర తీసేవాడు, సైకిళ్ళు గంటల లెక్కన బాడుగకిచ్చేవాడు. పూసల ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి నేను ఏం చేసినా అది సైకిలు షాపు పనే అయ్యేది. పులుసులో నూనె ఎక్కువైతే "ఇదేమన్నా చైను అనుకుంటివా మే?" ముగ్గు వంకర పోతే "మీ నాయన్ను పిలిపించు, వంకర తీసిపోతాడు." అత్తది ఎగతాళే గానీ పగ కాదు. అది ఇప్పుడు తెలుసు. పంతొమ్మిదేళ్ళ వయసులో తెలియదు. ప్రతి మాటా మనసులో పెట్టుకునేదాన్ని, ఊరగాయ జాడీలో పెట్టినట్టు.

రెండో ప్రపంచయుద్ధం నడిచిన ఏళ్ళలో రబ్బరు కంటికి కనపడేది కాదు. మా నాయన ఒకే ట్యూబుకు అతుకు మీద అతుకు వేసి, చివరికి అతుకులే మిగిలి ట్యూబు మాయమైందని చిత్తూరులో చెప్పుకుని నవ్వేవాళ్ళు. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు మామ సరుకు కోసం మద్రాసు పోయి, పూసలతో పాటు ఒక చుట్ట రబ్బరు తాడు తెచ్చాడు. సేమ్యా అంత లావు, బూడిద రంగు. మా అందరి ముందూ దాన్ని లాగి, వదిలి, లాగి, వదిలి, కడకు తన వేలికే గట్టిగా కొట్టుకున్నాడు.

"దీంట్లో పూసలు గుచ్చితే బిడ్డ ఎంత ఒళ్ళు చేసినా కత్తిరించే పని లేదు. మద్రాసులో అందురూ ఇవే తొడుగుతా ఉండారు," అన్నాడు వేలు ఊదుకుంటూ.

"మద్రాసోళ్ళకు ముడి ఏసేది రాదు. అందుకే సాగేది కట్టుకుంటారు," అంది అత్త.

అయినా ఆ చుట్ట ఆమె పూసలపెట్టెలోకే చేరింది. రెండు రోజులు దాన్ని చూడనట్టే తిరిగింది. మూడో రోజు మనసు మార్చుకుంది. మా ఆడబిడ్డ కాన్పుకు వచ్చి అప్పటికింకా పుట్టింట్లోనే ఉంది. ఆమె కొడుకు నాలుగు నెలలవాడు, పెరుగు తోడుకున్నంత తొందరగా ఒళ్ళు చేస్తున్నాడు. అప్పటికే రెండుసార్లు వాడి పూసలు కత్తిరించి కట్టాల్సి వచ్చింది. "ఈతూరి సాగే తాడుతో కడతా, రాండి సూద్దురు" అని వీధిలో నలుగురినీ పిలిచింది అత్త. చూసేవాళ్ళు లేకుండా ఆమె ముడి వేసినట్టు నాకు గుర్తు లేదు.

నేను పక్కనే కూర్చుని వసకొమ్ము ముక్కలు అందిస్తున్నాను. అత్త తాడు కొలిచి కత్తిరించింది. పసుపు కలిపిన ఆముదం గిన్నె దగ్గరికి లాక్కుని, వేళ్ళు ముంచి, తాడు పొడవునా పట్టించింది. మా నాయన ట్యూబును గరుకుగా రుద్ది, తుడిచి, ఎండబెట్టి గానీ అతుకు వేసేవాడు కాదు. "నూనె సుక్క ఉంటే లబ్బరు దేన్నీ పట్టుకోదు బిడ్డా" అన్న మాట నేను ఊహ తెలిసినప్పటి నుంచి విన్నది. ఆ ముడి నిలవదని నాకు తెలుసు. అనుమానం కాదు, తెలుసు.

"అత్తా, ఆముదం..." అన్నాను.

"ఏం మే, మీ షాపులో గ్రీసు పూస్తారా?" అంది అత్త. నలుగురూ పగలబడి నవ్వారు.

నేను నోరు మూసుకున్నాను. ఇంకొకసారి చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. కట్టనీ, ఊడనీ, అప్పుడు చూద్దాం ఎవరు నవ్వుతారో అనుకున్నాను. ఇన్నేళ్ళ తర్వాత దాచడమెందుకు, అలా అనుకోవడం నాకు చాలా బాగుండింది.

అత్త పూసలు గుచ్చి, మూడు ముళ్ళు వేసి, వాడి చేతికి తొడిగి, సాగదీసి వదిలి అందరికీ చూపించింది. పూసలు ముందుకు పోయి వెనక్కు వచ్చాయి. వాడు బోసినోటితో నవ్వాడు. వచ్చినవాళ్ళు ముక్కు మీద వేలేసుకున్నారు. మామ మద్రాసును తానే కనిపెట్టినవాడిలా తిరిగాడు.

మరుసటి రోజు పొద్దున అత్త మనవడికి కాళ్ళ మీద నీళ్ళు పోసి, తుడిచి, సాంబ్రాణి పొగ వేసి, చాప మీద పడుకోబెట్టి లేచింది. అంతలోనే మా ఆడబిడ్డ కేక పెట్టింది. పరుగెత్తి చూస్తే చాప నిండా పూసలు. పక్కన ఆ తాడు, ఏ ముడీ లేకుండా, వానపాములా తిన్నగా పడి ఉంది. వాడి పిడికిలి నోట్లో ఉంది. అత్త వాడి మీద పడినంత పని చేసి, నోట్లో వేలు పెట్టి తిప్పింది. వాడు రెండో చేత్తో ఆమె జుట్టు పట్టుకుని వేలాడాడు. వేలి వెంట ఒక వసకొమ్ము ముక్క బయటికి వచ్చింది. వాడు మొహం అంతా చిట్లించి, వీధి అదిరేలా ఏడ్చాడు. ఏడుపు విని అంత సంతోషపడటం నాకు అదే మొదలు.

అత్త పూసలు ఏరి లెక్క చూసింది. వసకొమ్ము తొమ్మిదికి తొమ్మిదీ ఉన్నాయి. నల్లపూసలు ఎనిమిదే ఉన్నాయి.

చాప దులిపాం. తూము దగ్గర మట్టి జల్లెడ పట్టాం. దొరకలేదు. ఇక మిగిలింది ఒకే చోటు. రెండు రోజుల పాటు మా ఇంట్లో పెద్దవాళ్ళందరం ఆ నాలుగు నెలలవాడి గుడ్డల కోసం ఎదురుచూశాం. ఎప్పుడూ ఆ దిక్కు చూడని మామ కూడా అంగట్లో బేరం మధ్యలో లేచి వచ్చి, "ఏమన్నా వచ్చిందా?" అని అడిగి పోయేవాడు. కొనేవాళ్ళు పాపం టపా కోసం చూస్తున్నాడనుకున్నారు. వాడు మాత్రం పాలు తాగుతూ, నిద్రపోతూ, దర్జాగా ఉన్నాడు. మా ఆడబిడ్డ ఏడుస్తూ తిండి తిన్నది. అత్త ఏడవలేదు, తినలేదు.

శుక్రవారం తలంటుకోవడానికి అత్త పెరట్లో కూర్చుని కొప్పు విప్పింది. టక్కుమని బండ మీద ఏదో పడింది. నల్లపూస. వాడు జుట్టు పట్టుకున్నప్పుడు పిడికిట్లోంచి చేరి ఉంటుంది. రెండు రోజులుగా ఊరంతా వెతికిన పూసను నెత్తిన పెట్టుకునే తిరిగింది. నాకు నవ్వు ఆగలేదు. అత్త ఆ పూసను అరచేతిలో పెట్టుకుని, జుట్టు విరబోసుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. నా నవ్వు ఆగిపోయింది. నేను కోరుకున్నది ఇదే గదా అనుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ రోజు నుంచి అత్త ముడి వేయడం మానేసింది. రబ్బరు తాడే కాదు, నూలు కూడా ముట్టుకోలేదు. బిడ్డల్ని చంకన వేసుకుని ఎవరైనా వస్తే "నాకు కండ్లు సరిగ్గా కనపళ్ళేదమ్మా" అని పంపించేది. వంటింట్లో నేను ఏరిన బియ్యంలో రాయి ఉంటే నడవలోంచే కనిపెట్టే మనిషికి కళ్ళు కనపడవట. మామ తానే ముళ్ళు వేయబోతే, కొన్నవాళ్ళు గుమ్మం దాటకముందే తిరిగి వచ్చేవాళ్ళు. వీధిలో "ఆయమ్మ ముడి కూడా ఊడిందంట" అని చెప్పుకోవడం మా చెవిన పడింది. అత్త విననట్టు తిరగలి గట్టిగా తిప్పేది.

నాకు అప్పుడు అయిదో నెల. మా వైపు బిడ్డకు మొదటి చేతిపూసలు నాయనమ్మ చేతి మీదుగా పడాలి. ఒక మధ్యాహ్నం ధైర్యం చేసి, "నా బిడ్డకు ఎవరు కట్టేది అత్తా?" అన్నాను.

"యాడన్నా కొనుక్కో మే. మీ మామ అంగట్లో మాత్రం వద్దు," అంది అటు తిరిగి.

నాకు ఆ మాట చాలా కష్టంగా తగిలింది. తప్పు ఆమె చేతిది కాదు, ఆముదానిది. కొంత నాది. అది ఎలా చెప్పాలో మాత్రం తెలియలేదు. ఆముదం వద్దు అనడమంటే ఆమె చేసినదానికే కాదు, వాళ్ళ అత్త చేసినదానికి, ఆ అత్తకు అత్త చేసినదానికి కూడా వంక పెట్టడమే. మా ఆయనతో చెప్పాను. ఆయన అన్నం తిన్నంతసేపూ ఆలోచించి, చేయి కడుక్కుని, "నువ్వే సెప్పు" అన్నాడు. వసకొమ్ము మహిమ.

అత్త గుడికి పోయిన పూట ఆ రబ్బరు చుట్టలోంచి రెండు ముక్కలు కత్తిరించాను. ఒకదానికి ఆముదం పట్టించాను. ఒకదాన్ని బూడిదతో రుద్ది, తుడిచి, ఎండలో పెట్టాను. రెండింటికీ అత్త వేసినట్టే మూడేసి ముళ్ళు వేసి, బావి గిలక కొయ్యకు తగిలించి, చెరొక చెంబుడు నీళ్ళు వేలాడదీశాను. ఆముదం రాసింది నేను చేయి తీయకముందే ఊడి, చెంబు బండ మీద పడి సొట్ట పోయింది. రెండోది మధ్యాహ్నం దాకా అలాగే వేలాడింది. ఆ రెండు ముక్కలూ తీసుకుపోయి పూసలపెట్టె మీద పెట్టాను, ఏమీ అనకుండా.

అత్త వచ్చింది. పెట్టె వైపు పోయింది. కాసేపటికి వంటింట్లోకి వచ్చి, "చెంబు ఎట్ల సొట్ట పోయినాది?" అంది.

"చెయ్యి జారిందత్తా."

"ఊ," అంది. అంతే. సాయంత్రం చూస్తే పెట్టె మీద ముక్కలు లేవు. పొయ్యిలో వేసిందేమో అనుకున్నాను. ఏడో నెలలో చిత్తూరు పంపేటప్పుడు బొట్టు పెట్టింది, నువ్వులుండలు కట్టిచ్చింది, పుట్టింట్లో సైకిలెక్కి తిరగొద్దని హెచ్చరించింది. పూసల మాట మాత్రం ఎత్తలేదు.

నాకు కూతురు పుట్టింది. ఉయ్యాలలో వేసే రోజు దగ్గరపడితే మా అమ్మ, "మీ అత్త పూసలు తెస్తాదా?" అని అడిగింది. తెలియదన్నాను. అమ్మ ఇంకేమీ అడగకుండా నల్లదారం ఒకటి తీసి పక్కన పెట్టింది. ఆ దారాన్ని చూస్తే నాకు ఏడుపొచ్చింది. నల్లదారం కడితే బిడ్డకు ఏమీ కాదు. ఇంటిముందు నలుగురిని కూర్చోబెట్టుకుని ముడి వేసి "ఇంక విప్పుకోండి" అనే మనిషి మళ్ళీ ఉండదు, అంతే.

ఉయ్యాలలో వేసే రోజు పొద్దుటి రైలుకు మామ పండ్ల బుట్టతో ఒంటరిగా ఇంటికి వచ్చాడు.

"అత్త రాలేదా మామా?"

"వచ్చినాది. మీ నాయన షాపుకాడ నిలబడిపోయినాది," అన్నాడు. ఎందుకో ఆయనకూ అర్థమైనట్టు లేదు.

అక్కడ జరిగింది నాయన తర్వాత ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. మా పెళ్ళయిన మూడేళ్ళలో ఆ షాపు ముందు కాలు పెట్టని అత్త, తిన్నగా లోపలికి వచ్చి, బొడ్లోంచి ఒక పూసలపేట తీసిందట. రబ్బరు తాడుదే.

"అన్నా, లబ్బరు సంగతి నీకు తెల్సు. దీన్ని లాగి సూడు. తెగేదాకా లాగు."

నాయన చేతులు తుడుచుకోబోతే, "తుడవద్దు, నూనె చేత్తోనే లాగు" అందట. లాగమంటే వద్దనే మనిషి కాదు మా నాయన. లాగాడు. ముడి రాలేదు. ఒక కొస పట్టకారుతో పట్టుకుని, కాలు బల్లకు తన్నిపెట్టి లాగాడు. తాడు నడిమధ్యకు తెగింది. పూసలు షాపంతా చిమ్మాయి. సైకిళ్ళ కోసం వచ్చినవాళ్ళు వంగి ఏరడం మొదలుపెట్టారు. అత్త తెగిన తాడు తీసుకుని చూసింది. ముడి అలాగే ఉంది.

"సాలు," అని ఇంటికి వచ్చింది. అది పరీక్షకు తెచ్చిందట. బిడ్డకు కట్టేది ఇంకా కట్టనేలేదు.

నలుగురూ కూర్చున్నాక అత్త పెట్టె తెరిచింది. తాడును పదిసార్లు సాగదీసి వదిలింది. పొడిగుడ్డతో తుడిచింది. పూసలు గుచ్చి, మొదటి ముడికి తాడును రెండుసార్లు మెలేసి, తాడు సన్నపడేదాకా లాగి బిగించింది. రెండో ముడి దానికి ఎదురుగా తిప్పి, మళ్ళీ అలాగే లాగింది. కొసలు కత్తిరించి, ముడిని వసకొమ్ము బెజ్జంలోకి దోపింది. నా కూతురి చేతికి తొడిగి, చిటికెడు పసుపు ఒక పూసకు మాత్రం అద్దింది. తాడుకు తగలనివ్వలేదు.

"ఆముదం పట్టించవా వదినా?" అంది మా అమ్మ.

"లబ్బరుకు ఆముదం తగలకూడదు వదినా. మా అత్త సెప్పినాది నాకు," అంది అత్త, కనురెప్ప వేయకుండా. వాళ్ళత్త పోయి ఇరవై ఏళ్ళయింది. ఆమె రబ్బరన్నది చూసి ఉంటే ఏ పిల్లల బంతిలోనో చూసి ఉండాలి. అందరూ అవునవునని తలలూపారు. అందరికంటే గట్టిగా మా అమ్మ ఊపింది. మా నాయన పైకప్పు వైపు చూస్తూ మీసం దువ్వుకున్నాడు. నేను పైట నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"ఇంక విప్పుకోండి," అంది అత్త. ఆ మాట విని నా ప్రాణం కుదుటపడింది.

అందరూ భోజనాలకు లేచాక గదిలో అత్త, నేను, బిడ్డ మిగిలాం. అత్త బొడ్లోంచి ఒక కాగితం పొట్లం తీసి నా ఒళ్ళో పెట్టింది. విప్పితే నేను పెట్టెమీద పెట్టిన రెండు ముక్కలు. వాటితో పాటు మూడో తాడు, బారెడు ఉంటుంది. ఈ కొస నుంచి ఆ కొస దాకా ముళ్ళే. వేలు పెట్టే సందు లేదు. మొదటి కొన్ని పసుప్పచ్చగా ఉన్నాయి, మిగతావన్నీ నూనె తగలని బూడిద రంగులో. కళ్ళు కనపడని మనిషి వేసిన ముళ్ళు.

"నీ ముడికి నేనూ చెంబు కట్టి సూస్తి. మధ్యాన్నం దాకా నిలిచినాది," అంది. "బిడ్డకు మధ్యాన్నం దాకా సాలదు గదా. రెండు మెలికలు ఏయాల. తాడు సాగదీసి పట్టుకోని ఏయాల. అది నేనే కనుక్కొంటి."

"అవునత్తా."

అత్త బిడ్డ చేయి పట్టుకుని పూసలు సర్దుతూ ఉండిపోయింది.

"ఆ పొద్దు నువ్వు ఆముదం అంటివి. నాకు ఇనపడింది."

ఊడితే ఊడనీ అని నేను అనుకున్నది కూడా ఆమెకు వినపడి ఉంటుందని అప్పుడు అనిపించింది.

"రెండోతూరి ఎందుకు సెప్పలేదు మే?"

"అందరూ నవ్వినారత్తా."

"నేను నవ్వినా సెప్పాల," అంది. "బిడ్డ నోట్లో పూస ఉండినాది. నేను నవ్వినా సెప్పాల."

నాకు ఏడుపు ఆగలేదు. అత్త పైటకొంగుతో నా మొహం తుడిచింది, రబ్బరును తుడిచినంత గట్టిగా. తర్వాత నా కూతురి చేయి ఎత్తి నా చేతిలో పెట్టింది.

"లాగి సూడు."

"అక్కర్లేదత్తా."

"అక్కర ఉండాది. లాగు."

చేతినుంచి పూసలు తీసి లాగాను.

"గట్టిగా," అంది అత్త.